వెనక సీలు

కిరసనాయిల్లో ముంచిన కుంచెతో ఇంజను పక్కల్ని రుద్దుతున్నాడు పౌడర్ మేస్త్రి. పైనుంచి కిందికి, ముందునుంచి వెనక్కి, ఒక్కో బోల్టు తల చుట్టూ మూడేసి సార్లు. ఏళ్ల నాటి జిడ్డు నల్లటి పాయలుగా కరిగి కింద పెట్టిన రేకు పళ్లెంలోకి జారుతోంది. ఎనిమిదిన్నరకి మొదలుపెట్టాడు. తొమ్మిదిన్నరైనా ఇంకా ఎడమ పక్కే తేలలేదు. చూసేవాళ్లకి ఎంత నిదానస్తుడో అనిపిస్తుంది. నిజానికి ఈ కడగడం ఎంతసేపు సాగితే అంత మంచిదని అతని ఆశ.

అరవై నాలుగేళ్ల మనిషి. బక్కపలచటి ఒళ్లు, పొడవాటి చేతులు. మనిషి చెయ్యి పట్టదనుకున్న సందులోకి కూడా అవి మోచేతిదాకా దూరిపోతాయి. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో నలిగి నల్లబడి అలాగే ఉండిపోయింది. కళ్లజోడు జారినప్పుడల్లా మణికట్టుతో పైకి తోస్తాడు కాబట్టి ఎడమ అద్దం అంచున ఎప్పుడూ ఒక జిడ్డు గీత ఉంటుంది. మోకాళ్లు మాత్రం మాట వినడం మానేసి రెండేళ్లయింది. బండి కింద గుంటలోకి దిగేటప్పుడు మెట్టుకో నిట్టూర్పు. ఎక్కేటప్పుడు రెండు.

అసలు పేరు ఆసుపత్రి చీటీల మీద తప్ప ఎక్కడా కనపడదు. ఆయిలు ఎక్కడ కారుతోందో కనిపెట్టడంలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. పద్ధతి చాలా సులువు. ఇంజన్ని శుభ్రంగా కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి, మొహానికి రాసుకునే పౌడరు ఒళ్లంతా చల్లుతాడు. ఇంజను కాసేపు నడిపించి టార్చిలైటు వేసి చూస్తాడు. ఆయిలు ఎక్కడినుంచి పుడుతుందో అక్కడ పౌడరు మొదట తడిసి నల్లబడుతుంది. పైన పుట్టిన చుక్క ఇంజను వాలు వెంబడి పాకి ఎక్కడో వెనక అడుగున రాలుతుంది. చుక్క రాలిన చోటే తప్పుందని నమ్మి, ఆయిల్ని ఆపే మంచి రబ్బరు సీళ్లు పీకి పారేసేవాళ్లని చూస్తే అతనికి ఒళ్లు మండుతుంది. ఇంట్లో పౌడరు డబ్బా కొన్న వారానికే షెడ్డుకి కాపురానికి వచ్చేస్తుంది. "మీ ఇంజన్లకున్న సోకు నాకు లేకపోయె" అని భార్య దెప్పుతుంది.

ఇంత పేరున్నవాడు ఈ ఒక్క బండి కింద మాత్రం పదకొండేళ్లుగా టార్చి వేసి చూడలేదు.

బండి నర్సమ్మది. నలభై అయిదేళ్ల కిందటి కారు. గుండ్రటి దీపాలు, మందపాటి రేకు, మీగడ రంగు వెలిసి ఇప్పుడు పాత గోడలా ఉంది. నర్సమ్మ ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ కార్లోనే తిరిగి కాన్పులు చేసింది. ఆ పేటలో ఇవాళ స్కూటర్ల మీద ఎగిరిపడే కుర్రాళ్లలో సగం మందిని బొడ్డుకోసి బయట పడేసింది ఆవిడే. ఇప్పుడు ఒక్కర్తీ అయిదంతస్తుల భవనంలో కింది వాటాలో ఉంటోంది. ఈ మధ్య అక్కడ బళ్లు పెట్టే చోట కొత్తగా పలకలు పరిచారు. పరిచిన మర్నాటి నుంచే నర్సమ్మ కారు కింద నల్లటి మచ్చలు. భవనం కమిటీవాళ్లు మర్యాదగా చెప్పారు, తర్వాత కాగితం మీద రాసిచ్చారు. రేపు సాయంత్రానికల్లా కారడం ఆగాలి, లేదా బండి బయటికి వెళ్లిపోవాలి. బయట వీధిలో సైకిలు పెట్టడానికే చోటు లేదు. వెళ్లిపోవడమంటే పాత ఇనుము కొట్టుకే.

"వెనక సీలు పోయింది బాబాయ్. ఇంకేం లేదు" అన్నాడు షెడ్డు యజమాని పొద్దున్నే. మేస్త్రిని పనిలో పెట్టుకున్న పాత యజమాని కొడుకు అతను. చిన్నప్పుడు మేస్త్రి భుజమెక్కి ఇంజన్లు చూసినవాడు. "గేరుబాక్సు కలిసే చోట చూశావుగా, ఎలా కారుతోందో. మధ్యాహ్నం రెండింటికి ఇంజన్లెత్తే చైను కప్పీ ఖాళీ అవుతుంది. ఇంజను దించేద్దాం. సాయంత్రానికి కొత్త సీలు వేసేద్దాం."

"దించేముందు కడగాలిగా" అన్నాడు మేస్త్రి.

"కడుగు. నిన్నెవరు ఆపారు?"

అందుకే కడుగుతున్నాడు. ఇంజను దిగితే ఆ సీలు అందరి కళ్లా పడుతుంది. అది వంకరగా కూర్చుని ఉంటుంది. ఆ సంగతి ఈ లోకంలో అతనొక్కడికే తెలుసు.

పదకొండేళ్ల కిందట ఈ ఇంజన్ని పూర్తిగా విప్పి బిగించింది అతనే. అప్పుడు అతని కూతురికి నెలలు నిండాయి. "బండి లేకపోతే మీ అమ్మాయి దగ్గరికి నేను పరిగెత్తుకు రావాలా మేస్త్రిగారూ?" అని నర్సమ్మ నవ్వుతూనే అంది. ఆ మాట అతని గుండెల్లో కూర్చుంది. మూడు రోజులు ఆగి చెయ్యాల్సిన పని ఒక్క రోజులో చేశాడు. అన్నీ సరిగ్గానే చేశాడు, ఒక్కటి తప్ప. ఇంజను వెనక భాగాన సీలు దిగ్గొట్టాక, అది చుట్టూ ఒకే లోతున కూర్చుందో లేదో స్కేలు పెట్టి నాలుగు చోట్ల కొలవాలి. నలభై ఏళ్ల పనిలో ఎప్పుడూ కొలవకుండా వదల్లేదు. ఆ రోజు స్కేలు అందుకోబోతుంటే ఇంటినుంచి ఫోను వచ్చింది. నొప్పులు కాదట, నడుము పట్టేసిందట. ఫోను పెట్టేసి తిరిగొచ్చి, కొలిచాననుకుని, చక్రం ఎక్కించేశాడు. మీద క్లచ్చూ గేరుబాక్సూ వచ్చి కూర్చున్నాక ఆ సీలు ఇక ఎవరి కంటా పడదు. రాత్రి అన్నం ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది, కొలవలేదని.

తెల్లారి నర్సమ్మ బండి తీసుకెళ్లింది. ఆ మధ్యాహ్నమే కూతురికి నిజంగా నొప్పులొచ్చాయి. అదే బండిలో ఆసుపత్రికి తీసుకెళ్లి, దగ్గరుండి పురుడు పోయించింది నర్సమ్మ. ఆడపిల్ల. తల్లీపిల్లా క్షేమం. అలాంటి మనిషి దగ్గరికెళ్లి, అమ్మా మీ ఇంజను మళ్లీ విప్పాలి, నేను తప్పు చేశాను అని ఏ మొహంతో చెబుతాడు? కారినప్పుడు చూద్దాంలే అనుకున్నాడు. ఆర్నెల్లకి కారడం మొదలైంది.

అప్పటినుంచీ ఇదే వరస. నర్సమ్మ ఏడాదికోసారి బండి తెచ్చేది. అతను పైమూత కింది గాస్కెట్ పట్టీ మార్చేవాడు, నాలుగు బోల్టులు బిగించేవాడు. "పాత బండి కదమ్మా, ఒకటీ అరా చుక్క పడుతుంది" అనేవాడు. ఆవిడ తల ఊపి, ఇంటికెళ్లి బండి కింద పాత రేకు పెట్టుకునేది. ఒక్కనాడు కూడా నిలదీయలేదు. నిలదీసినా బాగుండేది. ఆవిడకి తెలిసే తన మీద గౌరవం కొద్దీ ఊరుకుందని అతని అనుమానం. ఆ గౌరవం అతన్ని నిద్రపోనివ్వలేదు. రెండేళ్లుగా భార్య, ఇక చాలు మానెయ్యండి, ఆ మోకాళ్లతో ఎన్నాళ్లు అంటూ పోరుతోంది. "ఇంకొక్క బండి ఉందే, అది చూసి మానేస్తా" అంటాడు. ఏ బండో చెప్పడు. మీ బళ్లకి అంతెక్కడ అని ఆవిడ మూతి ముడుచుకుంటుంది.

పదకొండింటికి కడగడం అయిపోయింది. ఇంజను కొత్త గిన్నెలా మెరిసింది. గాలి కొట్టి ఆరబెట్టాడు. చెయ్యి అలవాటు కొద్దీ జేబులోని పౌడరు డబ్బా మీదకి పోయింది. ఎందుకిప్పుడు, తెలిసిందేగా అనుకున్నాడు. అయినా చల్లాడు. ఇంజను దించడానికి ఇంకా మూడు గంటలుంది. ఆ మూడు గంటలు ఊరికే కూర్చుంటే తనకి పిచ్చెక్కుతుంది.

ఇరవై నిమిషాలు ఇంజను నడిపించి ఆపాడు. టార్చి, పిడి ఉన్న చిన్న అద్దం పట్టుకుని గుంటలోకి దిగాడు. మెట్టుకో నిట్టూర్పు.

వెనక భాగం నల్లగా తడిసి ఉంది. అనుకున్నదే. నిమిషం సేపు గుంట గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పోనీ, అయిపోయింది, రెండింటికి నర్సమ్మ రాగానే ఇంజను దించకముందే నోటితో చెప్పేద్దాం అని గట్టిగా అనుకున్నాడు. అద్దం తుడుచుకుని, ఊరికే అటూ ఇటూ తిప్పి చూశాడు.

ముందు మూత అంచు కూడా నల్లగా ఉంది. పక్క మూత కింద ఇంకో చార. పైకెక్కి చూస్తే నిరుడు కొత్త గాస్కెట్ వేసిన పైమూత, నాలుగు మూలలా తడి. ఆయిలు కొలిచే పుల్ల దిగే చోట కూడా తడే. అతను కళ్లజోడు మణికట్టుతో తోసుకున్నాడు. సీలు ఒక్కటే వంకరైతే వెనకే కారాలి. ఇదేమిటి, ఒళ్లంతా చెమట పట్టినట్టు అన్ని చోట్లా ఒకేసారి కారుతోంది?

మళ్లీ ఇంజను నడిపించి, పైన ఆయిలు పోసే మూత మెల్లగా తిప్పాడు. అది అతని చేతిలోంచి ఎగిరి చిన్న చప్పుడుతో మడ్‌గార్డు మీద పడింది. ఆ బెజ్జం మీద అరచెయ్యి పెట్టాడు. లోపలినుంచి గాలి చేతిని పైకి తోస్తోంది.

అన్నం గిన్నె మీద మూత పెట్టి, ఆ మూత మీద రోలు పెట్టామనుకోండి. గంజి ఊరుకుంటుందా? ఎక్కడ సందుంటే అక్కడినుంచి తన్నుకొస్తుంది. ఇంజను లోపలా అంతే. పిస్టన్ల పక్కనుంచి కొంత పొగ కిందికి జారుతుంది. అది బయటికి పోవడానికే ఇంజను పక్కనుంచి ఒక గొట్టం కిందికి దిగి ఉంటుంది. దాన్ని బ్రీదరంటారు. ఇంజను ఊపిరి పోయేది అందులోంచే. అది మూసుకుపోతే లోపలి ఒత్తిడి ఎంత మంచి సీలు అంచునుంచైనా ఆయిల్ని బయటికి నెట్టేస్తుంది. ఇది పనిలో చేరిన మొదటి ఏడాది నేర్చుకునే సంగతి. ఇంకెవరి బండైనా అయితే మొదటి అరగంటలో అటే చూసేవాడు. తప్పు తనదేనని ముందే తీర్పు చెప్పేసుకున్నవాడికి వెతకాలన్న బుద్ధి ఎందుకు పుడుతుంది?

మళ్లీ గుంటలోకి దిగాడు. ఈసారి నిట్టూర్పులు మర్చిపోయాడు. కుంచె అందని గొట్టం కొస జిడ్డుకి మట్టి అంటి పుట్టలా ఉంది. వేలితో గోకాడు. లోపల ఏదో గట్టిగా తగిలింది. పొడుగు ముక్కు పటకారు పెట్టి పట్టి, తిప్పి, లాగాడు. తారు ముద్దలా గట్టిపడిపోయిన, వేలెడు పొడవున్న నల్లటి ఉండ మెల్లమెల్లగా బయటికి వచ్చింది. వెనకే గొట్టంలోంచి బుస్సుమంటూ పొగ.

ఆ ఉండని కిరసనాయిల్లో వేసి బల్ల దగ్గర విప్పాడు. గుడ్డ. పలచటి అల్లిక, అంచులు కత్తిరించకుండా నేసిన గుడ్డ. గాయాలకి కట్టు కట్టే చుట్టలోది. ఆ గుడ్డని అటూ ఇటూ తిప్పి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

"ఏంటి బాబాయ్, అలా అయిపోయావు?" అన్నాడు యజమాని వచ్చి.

"కప్పీ వద్దు. ఇంజను దించక్కర్లేదు."

"మరి సీలు?"

"సాయంత్రం చెబుతా" అన్నాడు మేస్త్రి. మళ్లీ కుంచె అందుకున్నాడు. ఇంజను మొత్తం మళ్లీ కడిగాడు. ఈసారి రెండున్నర గంటలు పట్టలేదు, నలభై నిమిషాల్లో అయిపోయింది. మళ్లీ పౌడరు చల్లాడు. వెనక భాగం మీద కాస్త ఎక్కువే చల్లాడు.

రెండింటికి నర్సమ్మ వచ్చింది. డెబ్బై ఏళ్లున్నా నడుము వంగలేదు. చేతిలో గొడుగు, భుజాన సంచి. ఇంజను దించడం చూడాలని వచ్చింది. ఆపరేషను గది బయట కూర్చునే చుట్టం మొహం ఎలా ఉంటుందో ఆవిడ మొహం అలా ఉంది. బల్ల మీద ఆరేసిన గుడ్డ మీద ఆవిడ చూపు పడింది.

ఆ సంగతి ఆవిడతో అనకూడదనే అనుకున్నాడు మేస్త్రి. గుడ్డని అవతలికి జరపబోయాడు.

"ఆగండి" అంది నర్సమ్మ. దగ్గరికొచ్చి అంచు పట్టుకుని చూసింది. "ఇది నాదేనా?"

"ఊపిరి గొట్టంలో దొరికిందమ్మా."

ఆవిడ కాసేపు గుర్తు తెచ్చుకుంది. గుర్తొచ్చాక స్టూలు లాక్కుని కూర్చుంది. "నేనే పెట్టాను మేస్త్రిగారూ. మీ అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు. దారంతా ఆ పొగ వాసనకి పిల్ల ఒకటే వాంతులు. అసలే నొప్పులు. ఇక లాభం లేదని బండి ఆపి, కింద కూర్చుని చూస్తే ఆ గొట్టంలోంచి పొగొస్తోంది. సంచిలో పట్టకారుండె, కట్టు గుడ్డ ఉండె. లోపలికంటా తోసేశాను. పిల్లకి వాసన తగ్గింది. ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయాను. తియ్యాలని తెలిస్తేగా." ఇంజను వైపు చూసి, "అంటే ఇన్నేళ్లూ కారింది నా మూలానా?" అంది.

మేస్త్రి ఇనప పెట్టె మీద చతికిలబడ్డాడు. నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాడు, ఆగలేదు. కళ్లజోడు తీసి, జిడ్డు చేతుల్తోనే కళ్లు తుడుచుకున్నాడు. బుగ్గల మీద నల్లటి చారలు పడ్డాయి.

"మీ మూలాన కాదమ్మా. మా అమ్మాయి మూలాన" అన్నాడు. తర్వాత మిగతాదంతా చెప్పేశాడు. స్కేలు, ఫోను, కొలవకుండా ఎక్కించిన చక్రం, ఏటేటా మార్చిన గాస్కెట్లు. తల వంచుకుని బొటనవేలి గోరు చూసుకుంటూ చెప్పాడు.

నర్సమ్మ మొత్తం విన్నది. "నాతో ఎందుకనలేదు?"

"ఏ మొహంతో అననమ్మా?"

"కాన్పు కష్టమైన ప్రతి పిల్లా ఇలాగే అనుకుంటుంది. ఆ రోజు బరువెత్తాను, ఈ రోజు మెట్లెక్కాను, అందుకే ఇలా అయింది అని. పరీక్ష చేసి చూసేదాకా నమ్మరు." ఆవిడ లేచి చేతులు దులుపుకుంది. "మీరు మాత్రం పదకొండేళ్లు మోశారు. రెండేళ్లు మోసే ఏనుగు నయం. పదండి, బండి తీద్దాం. తేలిపోవాలిగా."

నర్సమ్మే నడిపింది. మేస్త్రి పక్కన కూర్చున్నాడు. బడి ముందునుంచి, మందుల దుకాణాల వీధిలోంచి, నీళ్ల ట్యాంకు దగ్గరి ఎత్తు మీదుగా రైలు గేటుదాకా వెళ్లారు. గేటు వేసి ఉంటే ఇంజను ఆపకుండా పావుగంట నిలబెట్టమన్నాడు. పొగ వాసన కారు లోపలికి వచ్చింది. ఆవిడ అద్దం దించింది. వెనక వరసలోని బస్సు హారను కొడితే, "వీణ్ణీ నేనే పుట్టించి ఉంటాను" అంది నర్సమ్మ అద్దంలో చూస్తూ.

గంట తర్వాత షెడ్డుకి వచ్చారు. మేస్త్రి గుంటలోకి దిగేసరికి యజమాని కూడా వెంట దిగాడు. టార్చి అతని చేతికిచ్చాడు మేస్త్రి. వెలుతురు ఇంజను అడుగునుంచి మెల్లగా వెనక్కి పాకింది. పైమూత నాలుగు మూలలూ తెల్లగా ఉన్నాయి. పక్క మూత తెల్లగా ఉంది. వెనక, గేరుబాక్సు కలిసే చోట, కొలవకుండా దిగ్గొట్టిన సీలు కింద, మధ్యాహ్నం చల్లిన పౌడరు చల్లినట్టే ఉంది.

"ఒక్క చుక్క లేదు బాబాయ్" అన్నాడు యజమాని. "వెనక సీలు భేషుగ్గా ఉంది. ఎవరు వేశారో గానీ."

"హమ్మయ్య" అన్నాడు మేస్త్రి. అంత చిన్న మాట అనడానికి అతనికి చాలా ఊపిరి కావలసి వచ్చింది.

నర్సమ్మ కమిటీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో పడేసి, బండెక్కి వెళ్లిపోయింది. పొగ వాసనకి గుడ్డ కాక వేరే మందుందని, గొట్టాన్ని కాస్త పొడుగు చేసి వెనక్కి తిప్పితే చాలునని ఆవిడకి వెళ్లేముందే చెప్పాడు. ఆ పనెలా చెయ్యాలో యజమానికి కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాడు మేస్త్రి.

"నువ్వే చెయ్యొచ్చుగా, వచ్చే వారం" అన్నాడు యజమాని.

"నేను రేపట్నుంచి రానురా అబ్బాయ్."

యజమాని బొమ్మలోంచి తలెత్తాడు. మేస్త్రి అప్పటికే పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. సబ్బు మూడుసార్లు రుద్దాడు. గోళ్ల సందుల్లో పుల్లతో గీరాడు. ఆ మనిషిని ఇంత శుభ్రంగా చేతులు కడుక్కోగా యజమాని ఎప్పుడూ చూడలేదు. వద్దనబోయి, ఆ మొహంలోని తేలిక చూసి మాట మార్చాడు.

"మోకాళ్లా?"

"అవీ ఉన్నాయిలే" అన్నాడు మేస్త్రి. చొక్కా మార్చుకుని, గేటు దాటి, ఎండ తగ్గిన వీధిలో ఎడమవైపు తిరిగాడు. దారిలో భార్యకి కొత్త పౌడరు డబ్బా కొన్నాడు. దాన్ని ఇంట్లోనే ఉంచుతానని ఆ సాయంత్రం ఒట్టు పెట్టి చెబితే ఆవిడ నమ్మలేదు. నమ్మడానికి వారం పట్టింది.

మర్నాడు పొద్దున యజమాని మేస్త్రి బల్ల సొరుగు ఖాళీ చేశాడు. పనిముట్లన్నీ ఎవరివి వాళ్లకి సర్దాడు. అట్టడుగున నూనె కాగితంలో చుట్టిన చిన్న అట్టపెట్టె ఒకటి దొరికింది. మీద నర్సమ్మ కారు నంబరు రాసి ఉంది. దాని కింద ఒకదాని తర్వాత ఒకటిగా పదకొండు తారీఖులు, ఏడాదికొకటి, ప్రతిదాని పక్కనా మేస్త్రి వంకర అక్షరాల్లో ఒకే మాట: చూశాను, పనికొస్తుంది. అతను మూత తీశాడు. లోపల, ఎవరూ ఎప్పుడూ వాడని కొత్త వెనక సీలు ఉంది, రెండు వేళ్లతో నొక్కితే ఇంకా మెత్తగా.